నాన్నగారి ట్రంకుపెట్టెలోని క్యాసెట్లు: ముందు వేటిని కాపీ చేయాలి, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. అమలాపురంలోని ఇల్లు ఖాళీ చేస్తుండగా నాన్నగారి ట్రంకుపెట్టెలో అరవై దాకా ఆడియో క్యాసెట్లు, రెండు వీహెచ్ఎస్ పెళ్ళి క్యాసెట్లు దొరికాయి. ఎక్కువ భాగం షాపులో ఎక్కించుకున్న సినిమా పాటలు, కొన్ని రేడియోలోంచి పట్టినవి, అయిదు మీ తాతగారి హరికథలు, పదకొండింటి మీద ఏ పేరూ లేదు. మీరు మూడు వారాల్లో డల్లాస్ తిరిగి వెళ్ళాలి. పాటలన్నీ ఫోన్లో దొరుకుతుంటే ఈ శ్రమ దేనికని మీ తమ్ముడు అంటున్నారు. కాపీ చేయడం చట్టరీత్యా నేరమవుతుందేమోనని మీకు అనుమానం. ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చిన్న యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయరు కొంటే సరిపోతుందా అన్నది మూడో ప్రశ్న.

సమాధానం చెప్పే ముందు నా సంగతి చెప్పడం న్యాయం. నేను 1984లో రాజమండ్రిలో రికార్డింగ్ సెంటరు తెరిచి పద్నాలుగేళ్ళు నడిపాను. మీ నాన్నగారి లాంటి వాళ్ళు తెల్లకాగితం మీద పాటల జాబితా రాసుకుని, ఖాళీ క్యాసెట్టు చేత్తో పట్టుకుని వచ్చేవారు. వారం తర్వాత వచ్చి పట్టుకెళ్ళేవారు. ఎల్పీ రికార్డు కొనే స్తోమత, దాన్ని వాయించే ప్లేయరు చాలా ఇళ్ళలో లేని రోజులు కాబట్టి ఊరూరా మా లాంటి షాపులు వెలిశాయి. మేము చేసింది చట్టం దృష్టిలో తప్పే. డబ్బు తీసుకుని ఇతరుల రికార్డులను కాపీ చేసి ఇవ్వడానికి మాకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు, మేమూ అడగలేదు. షాపు మూసేశాక ఈ పాతికేళ్ళుగా పాత టేపులను కంప్యూటరులోకి ఎక్కించే పని చేస్తున్నాను, అదీ కుటుంబాల సొంత రికార్డింగులు మాత్రమే. కాబట్టి కాపీ అనే మాటకు రెండు వైపులా నిలబడి చూసిన వాడి అభిప్రాయంగా దీన్ని తీసుకోండి.

మీ తమ్ముడి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది, ఆ సగం మీ పనిని తేలిక చేస్తుంది. క్యాసెట్టును కాపీ చేయాలంటే అది పాడినంతసేపూ కూర్చోవలసిందే. సి-60 క్యాసెట్టుకు గంట, సి-90కి గంటన్నర. దీనికి అడ్డదారి లేదు. అరవై క్యాసెట్లంటే తక్కువలో తక్కువ అరవై గంటలు, మధ్యలో టేపు చిక్కుపడితే విప్పడం, శుభ్రం చేయడం, పేర్లు రాయడం కలుపుకుంటే వందకు తగ్గదు. మూడు వారాల్లో, అదీ ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో, అన్నీ పూర్తి కావు. కనుక ఏది ముందు అన్నదే అసలు ప్రశ్న. నా లెక్క ఒక్కటే: ప్రపంచంలో ఇంకెక్కడా రెండో ప్రతి లేనిది ముందు. షాపులో ఎక్కించిన సినిమా పాట మీ పెట్టెలో పాడైపోయినా కంపెనీ దగ్గర మాస్టరు, అంటే అసలు రికార్డింగు, ఉంటుంది, వందల ఇళ్ళలో ఎల్పీలు ఉంటాయి, యాప్‌లలో మీ నాన్నగారి క్యాసెట్టు కంటే శుభ్రమైన ధ్వని ఉంటుంది. మీ తాతగారు ఏ ఊరి శ్రీరామనవమి పందిట్లోనో చెప్పిన హరికథ మాత్రం ఆ 3.81 మిల్లీమీటర్ల వెడల్పు రీలు మీద తప్ప మరెక్కడా లేదు.

అందుకని ముందుగా క్యాసెట్లను నేల మీద పరిచి విడదీయండి. హరికథలు, పేరు లేనివి ఒక పక్క. రేడియోలోంచి పట్టినవి ఇంకో పక్క. సినిమా పాటలు చివర. రేడియోవాటిని సినిమా పాటల్లో కలపకండి. భక్తిరంజనిలో వచ్చిన పాటనో, సినిమాను కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రాన్నో మీ నాన్నగారు పట్టి ఉంటే, ఆ ప్రసారం ఆకాశవాణి దగ్గర కూడా మిగిలి ఉండకపోవచ్చు. స్టేషన్లు టేపులను తుడిచి మళ్ళీ వాడుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు. పాటకు ముందు అనౌన్సరు గొంతు, మధ్యలో వంటింట్లోంచి ఎవరో పిలిచిన పిలుపు, వీధిలో సైకిలు బెల్లు పడి ఉంటే అవి ఏ యాప్‌లోనూ దొరకవు. సినిమా పాటల క్యాసెట్లను కూడా పూర్తిగా వినకుండా పారేయకండి. నా షాపులో ఎక్కించిన క్యాసెట్టు చివర మూడు నాలుగు నిమిషాలు ఖాళీ మిగిలితే ఇంటికి తీసుకెళ్ళి అందులో పిల్లల చేత పద్యం చెప్పించి రికార్డు చేసిన తండ్రులు చాలామంది. ప్రతి వైపూ చివరి అయిదు నిమిషాలు తప్పక వినండి.

ఇక చట్టం. మన దేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైటు చట్టం. అందులో 52వ సెక్షను ఏ ఏ పనులు ఉల్లంఘన కావో చెబుతుంది. సొంత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు చేసుకునే కాపీ వాటిలో మొదటిది. 2012 సవరణకు ముందు ఈ వెసులుబాటు సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రకళలకే ఉండేది. సౌండు రికార్డింగులు, సినిమాలు అందులో లేవు. 2012లో కంప్యూటరు ప్రోగ్రాములు మినహా ఏ రచనైనా అని మార్చారు, ఆ అవసరాల కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడం ఉల్లంఘన కాదని కూడా చేర్చారు. అంటే మీరు కొన్న క్యాసెట్టునో సీడీనో మీరు వినడానికి మీ కంప్యూటరులోకి ఎక్కించుకోవడానికి మీ చేతిలో మంచి సమాధానమే ఉంది. అయితే న్యాయమైన మేర అన్న మాటకు కొలబద్ద లేదు. సందర్భాన్ని బట్టి కోర్టు నిర్ణయిస్తుంది. అమ్మడం, పంచడం, నెట్‌లో అందరికీ పెట్టడం మాత్రం ఆ మాట కిందికి ఏ విధంగానూ రావు. తెలిసి ఉల్లంఘించిన వారికి 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మీ దగ్గరున్న షాపు క్యాసెట్ల పుట్టుకే సరైనది కాదు కాబట్టి, ఆ పాటలను అధికారికంగా దొరికే చోట వినమనే నేను చెబుతాను. ఆ పాటలను కాపీ చేయడానికి మూడు వారాల్లో ఒక్క గంట కూడా ఖర్చు పెట్టవద్దనడానికి ఇది రెండో కారణం.

రేడియోలోంచి పట్టినవాటి సంగతి వేరు, ఇది చాలామందికి తెలియదు. ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ళ పాటు ప్రత్యేకమైన హక్కు ఉంటుంది. కానీ రికార్డు చేసుకున్న వ్యక్తి తన సొంత వాడకం కోసం చేసుకుంటే ఆ హక్కుకు భంగం కలిగినట్టు కాదని అదే చట్టంలోని 39వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. మీ నాన్నగారు ట్రాన్సిస్టరు ముందు కూర్చుని రికార్డు చేసే ఎర్ర మీట నొక్కినంత మాత్రాన ప్రసార సంస్థ హక్కును దోచినట్టు కాదన్నమాట. ఆ ప్రసారంలోని పాటకు మాత్రం దాని హక్కులు దానికి వేరుగా ఉంటాయి. కాకతాళీయమే గాని, నేను షాపు తెరిచిన 1984 జనవరిలోనే అమెరికా సుప్రీం కోర్టు సోనీ కంపెనీ వీడియో రికార్డరు బీటామాక్స్ మీద నడిచిన కేసులో, టీవీలో వచ్చే కార్యక్రమాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వాడకమేనని అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపుగా తీర్పు చెప్పింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే ఇళ్ళలో వీసీఆర్‌ల కథ మరోలా ఉండేది. ఆ ముక్క నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. అప్పట్లో మా సమస్య కరెంటు కోతలు.

పాత పాటలకు కాపీరైటు అయిపోయింది కదా అన్న వాదన తరచు వింటాను. ఇందులో ఒక మెలిక ఉంది. సౌండు రికార్డింగుకు హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్కపెట్టి 60 ఏళ్ళు. 1964లో విడుదలైన రికార్డుకు అది 2024 డిసెంబరు 31తో ముగిసింది. కానీ పాటలోని సాహిత్యానికి, బాణీకి హక్కు వేరుగా ఉంటుంది, అది రచయిత, స్వరకర్తల మరణం తర్వాత 60 ఏళ్ళ దాకా నడుస్తుంది. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా రక్షణ ఉన్నట్టే. కనుక 1964 లోపు పాట అయినంత మాత్రాన నెట్‌లో పెట్టేయవచ్చని అనుకోకండి.

మీ తాతగారి హరికథలకు వస్తే మీరు ఎవరి అనుమతీ అక్కరలేని స్థానానికి చాలా దగ్గరగా ఉన్నారు. రికార్డింగు చేయడానికి పూనుకుని బాధ్యత వహించిన వారే దానికి కర్త అని చట్టం అంటుంది. మీ నాన్నగారే టేపురికార్డరు మోసుకెళ్ళి రికార్డు చేశారు కాబట్టి రికార్డింగు హక్కు ఆయనది, ఆయన తర్వాత మీది. కథ చెప్పిన కళాకారుడిగా మీ తాతగారి హక్కూ మీ ఇంటిదే. మిగిలింది మృదంగం, వయొలిన్ వాయించిన వారి సంగతి. కళాకారుల హక్కు ప్రదర్శన తర్వాత 50 ఏళ్ళు ఉంటుంది. ఇంట్లో దాచుకోవడానికి ఇదేమీ అడ్డు కాదు గాని, నెట్‌లో అందరికీ పెట్టాలనుకుంటే ఆ వాద్యకారుల కుటుంబాలను కనుక్కుని ఒక మాట అడగండి. చట్టం మాట అలా ఉంచి, వాళ్ళ నాన్నగారి మృదంగం వాళ్ళ దగ్గర కూడా ఉండకపోవచ్చు. ఒక ప్రతి వాళ్ళకూ ఇవ్వండి.

ఇప్పుడు మెషీను. ఆన్‌లైన్‌లో దొరికే చేతిలో పట్టేంత యూఎస్‌బీ ప్లేయరు ఈ పనికి వద్దు. క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో, ఎక్కడా తడబడకుండా కదలాలి. ఆ చవక ప్లేయర్లలో మోటారు, చక్రం చాలా తేలికవి కావడంతో వేగం నిలకడగా ఉండదు. హార్మోనియం శ్రుతి మీద నిలబడ్డ గొంతు వణుకుతున్నట్టు వినిపిస్తుంది. పైగా అవి గట్టిగా లాగితే సి-90 టేపు సాగుతుంది, ఎందుకంటే గంటన్నర పట్టాలి కాబట్టి దాని రీలు సి-60 కంటే పలచగా ఉంటుంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో పాత ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపుల్లో అడిగితే 1990ల నాటి క్యాసెట్ డెక్ (సొంత స్పీకర్లు లేని పెద్ద క్యాసెట్ ప్లేయరు) దొరుకుతుంది. బెల్టులు మార్పించి, టేపును అదిమి ముందుకు లాగే రబ్బరు చక్రం, అంటే పించ్ రోలరు, గట్టిపడి ఉంటే అదీ మార్పించి తీసుకోండి. మీ ఇంట్లోని టూ-ఇన్-వన్ (రేడియో, టేపురికార్డరు కలిసినది) పనిచేస్తున్నా, దాన్ని స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేసే పనికి వాడకండి. డెక్ వెనకనున్న లైన్ అవుట్ నుంచి వైరు తీసి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసుకు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు కలపండి. సాఫ్ట్‌వేరుకు ఆడాసిటీ చాలు, ఉచితంగా దొరుకుతుంది. రికార్డు చేసేటప్పుడు మీటరులో అత్యధిక శబ్దం మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆగేలా చూసుకోండి. ఎర్రగీత తాకితే అక్కడ ధ్వని పగిలిపోతుంది, తర్వాత అతకదు.

ప్రతి రెండు మూడు క్యాసెట్లకు ఒకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో హెడ్‌ను, అంటే టేపును తాకి శబ్దాన్ని చదివే భాగాన్ని, తుడవాలి. దూదికి గోధుమరంగు అంటుతుంది. అది టేపు మీది అయస్కాంత పొడి. ఇంకా ముఖ్యమైనది హెడ్ వంపు. రికార్డు చేసిన మెషీనులో హెడ్ ఎంత వాలి ఉందో, వాయించే మెషీనులోనూ అంతే వాలి ఉంటేనే పై స్థాయి శబ్దాలు పలుకుతాయి. లేకపోతే తాతగారు దుప్పటి కప్పుకుని కథ చెప్పినట్టు ఉంటుంది. హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. టేపు పాడుతుండగా, శ్రద్ధగా వింటూ, ఆ మరను పావు చుట్టు కంటే తక్కువలో అటూ ఇటూ తిప్పి, చిడతల మోత ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. హరికథకు ఇదొక సౌకర్యం: చిడతల కంటే మంచి కొలత నాకు ఇంతవరకు దొరకలేదు. ఒక్కో క్యాసెట్టుకు ఒక్కో వంపు కావలసి రావచ్చు, ఎందుకంటే నాన్నగారు ఒకే టేపురికార్డరు వాడారని లేదు.

వేగం విషయంలో ఇంకో మాట. పందిళ్ళలో కరెంటు ఉండని రోజుల్లో టేపురికార్డరు బ్యాటరీల మీద నడిచేది. కథ సాగేకొద్దీ బ్యాటరీలు దిగిపోయి రీలు నెమ్మదించేది. అలా నెమ్మదిగా తిరిగిన రీలు మీద పడ్డ గొంతు, ఇప్పుడు సరైన వేగంతో వాయిస్తే సన్నగా, తొందరగా వినిపిస్తుంది. తాతగారి గొంతు మొదట్లో గంభీరంగా ఉండి చివరికి వచ్చేసరికి చిన్నపిల్లవాడిలా మారితే కారణం అదే, టేపు చెడిపోలేదు. కథ మొదట్లోని శ్రుతిని గుర్తుపెట్టుకుని చివరి భాగాన్ని ఆ శ్రుతికి తగ్గించవచ్చు. కరెంటు మీద రికార్డయిన చోట వెనక సన్నగా వినిపించే గుర్రుమనే శబ్దం 50 హెర్ట్జ్ ఉండాలి, అదీ కొలతగా పనికొస్తుంది. కానీ ఈ పని అసలు ఫైలు మీద చేయకండి, దాని కాపీ మీద చేయండి. ఎందుకో నా అనుభవమే చెబుతాను.

2003లో పద్యనాటకాల్లో పేరున్న ఒక పెద్దాయన కుటుంబం నలభై క్యాసెట్లు తెచ్చింది. అప్పటికి కంప్యూటరు కొత్త, సీడీ రైటరు కొత్త, నా ఉత్సాహం కూడా కొత్తే. బుసబుస శబ్దం తీసేసే ఫిల్టరును గట్టిగా పెట్టాను. శబ్దంతో పాటు ఆయన స, శ, ష లలోని గాలి కూడా పోయింది. తక్కువ సీడీల్లో పట్టించాలని పద్యానికీ పద్యానికీ మధ్య జనం గోల కత్తిరించాను. ఆ గోలలోనే వన్స్‌మోర్ కేకలున్నాయి, వాటికి ఆయన నవ్వి అదే పద్యాన్ని ఇంకో రాగంలో ఎత్తుకున్న చోట్లున్నాయి. అవన్నీ చెత్త అనుకున్నాను. 128 కేబీపీఎస్ ఎంపీ3గా, అంటే ధ్వనిలో కొంత వదిలేసి కుదించిన ఫైళ్ళుగా చేసి, సీడీల మీద రాసి ఇచ్చాను. శుభ్రంగా ఉందని వాళ్ళు సంతోషించి, ఇక అవసరం లేదని క్యాసెట్లను పాత సామాన్లవాడికి వేసేశారు. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆ సీడీలు పట్టుకుని వచ్చారు. సగానికి పైగా చదవడం మానేశాయి. మన చేతులతో రాసే సీడీలో సమాచారం రంగుపూత మీద ఉంటుంది, మన వేడికి, ఎండకు అది వెలిసిపోతుంది. నా దగ్గర కూడా ఇంకో ప్రతి లేదు. క్యాసెట్లు మాత్రం ఉండి ఉంటే ఈ రోజుకీ పాడేవి.

అప్పటి నుంచి నేను మార్చుకోని పద్ధతి ఇది. డెక్ నుంచి వచ్చింది వచ్చినట్టు, ఒక్క సెకను కత్తిరించకుండా, ఏ ఫిల్టరూ పెట్టకుండా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో దాస్తాను. గంటకు ఒక జీబీ చొప్పున మీ అరవై క్యాసెట్లకు అరవై జీబీ పైచిలుకు అవుతుంది. ఫ్లాక్ రూపంలోకి మారిస్తే ధ్వని ఏమీ తగ్గకుండా అందులో సగం చోటుతో సరిపోతుంది. ఫోన్లో వినడానికి, బంధువులకు పంపడానికి వేరే ఎంపీ3 చేసుకోండి, శబ్దం తగ్గించడాలు అందులో చేసుకోండి. క్యాసెట్టు అట్ట మీద నాన్నగారి చేతిరాతను ఫోటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి. ఒక ప్రతి ఇక్కడ తమ్ముడి దగ్గర హార్డు డిస్కులో, ఒకటి డల్లాస్‌లో, ఒకటి క్లౌడులో. క్లౌడు ఒక్కటే ఉంటే చాలదని ఎందుకంటున్నానంటే, గూగుల్ సంస్థ రెండేళ్ళ పాటు వాడని ఖాతాలను అందులోని ఫైళ్ళతో సహా తొలగించే విధానం పెట్టి, 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. ఇంట్లో పెద్దవాళ్ళ పేరున ఖాతా తెరిచి అందులో అన్నీ దాచి మరిచిపోయే వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. పని అయ్యాక క్యాసెట్లను మాత్రం పారేయకండి.

బూజు గురించి ఒక హెచ్చరిక ఉంది. కోనసీమ తేమకు క్యాసెట్లు బూజు పట్టడం మామూలే. క్యాసెట్టు మీది చిన్న కిటికీలోంచి చూస్తే రీలు చుట్ట మీద తెల్లని మచ్చలు, పొడి కనిపిస్తాయి. అలాంటిదాన్ని డెక్‌లో పెట్టవద్దు. టేపు తెగవచ్చు, పైగా ఆ బూజు హెడ్‌కు అంటి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ చేరుతుంది. వాటిని వేరే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి మూత బిగించి, తెలిసినవారి చేతికి ఇవ్వండి. టేపును హెడ్‌కు అదిమి పట్టే నొక్కుడు స్పాంజి ఊడిపోయిన క్యాసెట్టు శబ్దం సన్నగా వస్తుంది. అయిదు మరలు విప్పి రీళ్ళను వేరే మంచి క్యాసెట్టు డొక్కులోకి మార్చడం పది నిమిషాల పని. మరలు లేకుండా అతికించిన డొక్కు అయితే సందులో బ్లేడు పెట్టి జాగ్రత్తగా చీల్చాలి, మొదటిసారి పనికిరాని క్యాసెట్టు మీద ప్రయత్నించండి.

వీహెచ్ఎస్‌లు మీరు సొంతంగా చేయకండి. పనిచేసే వీసీఆర్ దొరకడమే కష్టం. చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. రెండే ఉన్నాయి కాబట్టి చేసేవారికి ఇవ్వండి, వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉండే పాత చిత్రాన్ని టీవీ నిండేలా సాగదీయవద్దని, ఒరిజినల్ క్యాసెట్టు తిరిగి కావాలని ముందే చెప్పండి. ఆ వీడియో హక్కు ఫోటోగ్రాఫరుదేమో అని రాశారు. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే దానికి మొదటి హక్కుదారులని 17వ సెక్షను చెబుతుంది. కానీ అప్పటి వీడియోవాళ్ళు తలంబ్రాల ఘట్టానికీ అప్పగింతలకూ సినిమా పాటలు కలిపేవారు. ఆ పాటలు మీవి కావు. యూట్యూబులో పెట్టగానే యంత్రం ఆ పాటను గుర్తుపట్టి వీడియోను ఆపవచ్చు, శబ్దం తీసేయవచ్చు, లేదా ప్రకటనల డబ్బు పాట కంపెనీకి మళ్ళించవచ్చు. దీన్ని దౌర్జన్యమని కొందరు వాపోతుంటారు గాని, యంత్రానికి మీ అమ్మగారి పెళ్ళికీ పాటలు పైరసీ చేసేవాడికీ తేడా తెలియదు. కుటుంబానికి చూపించాలంటే ఫైలుగా ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియోను నలిపి చిన్నది చేస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ఇంట్లో నలుగురికి ఇవ్వడం వేరు, సినిమా పాటల ఫైళ్ళను వందలమంది ఉన్న గ్రూపులో పెట్టడం వేరన్నది గుర్తుంచుకోండి.

మీ తమ్ముడికి చెప్పవలసిన మిగతా సగం ఇప్పుడు చెబుతాను. యాప్‌లో ఉంది అంటే మన దగ్గర ఉన్నట్టు కాదు. స్పాటిఫైలో డౌన్‌లోడు చేసుకున్న పాటలు నిలవాలంటే కనీసం 30 రోజులకు ఒకసారి నెట్‌కు కలపాలి. చందా ఆపితే అవి వినిపించవు. పాటల కంపెనీకీ యాప్‌కూ ఒప్పందం ముగిస్తే నిన్నటిదాకా ఉన్న పాట ఇవాళ బూడిదరంగులోకి మారి నొక్కినా పలకదు. అద్దెకు తీసుకున్నదాని సంగతి సరే, కొన్నదీ పోతుంది. మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు, పాఠకులు కొనుక్కున్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చారు. మార్జిన్లలో రాసుకున్న వారికి అదనంగా కొంత ఇచ్చారు. పుస్తకం మాత్రం పోయింది. ఇలాంటి ఫైళ్ళకు కంపెనీలు వేసే డిజిటల్ తాళం పగలగొట్టి ఫైలు తీసుకోవచ్చు కదా అని అడుగుతారేమో. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా అని 2012లో 65ఏ సెక్షను చేర్చారు. ఉద్దేశం అన్న మాట మీద వాదించుకోవడానికి చోటు ఉన్నా, ఆ వాదన మీరు మోయవలసిన పని లేదు. నిజంగా దాచుకోవాలనుకున్న పాటను సీడీగానో, తాళం లేని ఫైలుగానో అమ్మే చోట కొనండి. కొన్ని పాటలకు అలాంటి చోటు లేదన్నది నిజం. ఆ ఫిర్యాదు న్యాయమైనదే, కానీ మూడు వారాల్లో తేలేది కాదు.

నా లెక్కన మీ పని ఇలా ఉండాలి. తొలి రెండు రోజులు డెక్ బాగుచేయించుకోవడం, సినిమా పాటల క్యాసెట్టు ఒకటి పెట్టి చేయి తిరిగేదాకా సాధన చేయడం. హరికథలు మొదటి వారం. రెండో వారం పేరు లేనివి. మూడో వారంలో రేడియోవి ఎన్ని అయితే అన్ని. మిగిలినవి తమ్ముడు రోజుకొకటి చొప్పున చేయవచ్చు. తాతగారి గొంతు ఒకసారి విన్నాక మీ తమ్ముడు అభ్యంతరం చెబుతారని నేను అనుకోను.

ఏ క్యాసెట్టునైనా డెక్‌లో పెట్టే ముందు దాని వీపు చూడండి. పై అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. అవి విరిచి ఉంటే దాని మీద రికార్డు కాదు. అవి అలాగే ఉంటే, లేదా విరిచిన చోట సెలోటేపు అతికించి ఉంటే, మీ వేలు పొరపాటున ఎర్ర మీట మీద పడితే తాతగారి గొంతు మీద ఇవాళ్టి మౌనం ఎక్కుతుంది. పేరు లేని పదకొండింటిలో సెలోటేపు ఉన్నవి తప్పక ఉంటాయి. ముందు ఆ సెలోటేపు పీకి, రేకులున్న చోట చిన్న స్క్రూడ్రైవరుతో విరిచి, ఆ తర్వాతే ప్లే నొక్కండి.